తోడుపెట్టిన సౌందర్యం

పాలు తోడుకోవడానికి ఒక చుక్క పెరుగు చాలు. ఆ చుక్కలో ఎన్ని కోట్ల ప్రాణులున్నాయో మన అమ్మమ్మలకు తెలియదు. తెలియకపోయినా వారి ఇంట పెరుగు తోడుకోని రోజు లేదు. ఇప్పుడా ప్రాణులే సీసాలలోకీ, గొట్టాలలోకీ ఎక్కి, రంగురంగుల అట్టపెట్టెలలో నరసరావుపేట ఫాన్సీ షాపులకూ, మందుల దుకాణాలకూ వచ్చి కూర్చున్నాయి. పెట్టెమీద ‘ప్రోబయోటిక్’ అని ఒక మాట. ‘ఫెర్మెంట్’ అని మరొక మాట. నలభై అయిదు దాటిన స్త్రీల చర్మానికి ప్రత్యేకమని ఇంకొక మాట. ధర మాత్రం చిన్న అక్షరాలలో అడుగున ఎక్కడో వుంటుంది.

మా కాలేజీలో ఒకామె ఆమధ్య అటువంటి సీసా ఒకటి తెచ్చి చూపించింది. “పులిసిన బియ్యపు నీళ్ళతో చేశారట మేడమ్, పద్దెనిమిది వందలు” అన్నది. బల్లలు తుడుస్తున్న ఆయమ్మ చేతిలో గుడ్డ ఆపి, “పద్దెనిమిది వందలా! మా అత్త తరవాణి కుండ అటకమీద వున్నది. అయిదొందలకే ఇస్తాను, తీసుకోండమ్మా” అన్నది. అందరం నవ్వుకున్నాం. కాని ఆ సీసా తెచ్చినామె నవ్వలేదు. రాత్రిళ్ళు ఒళ్ళంతా దురద, నిద్ర లేదు, ముఖం నాపరాయిలా బిగుసుకుపోతున్నది, ఏదో ఒకటి చెయ్యకపోతే ఎట్లా అన్నది. ఆమె వయస్సు నలభై ఏడు.

ఆమె ప్రశ్నకు సీసామీద జవాబు లేదు. తరవాణి కుండలో వున్నదా అంటే కొంత వున్నది, చాలావరకు లేదు. ఆ కొంత ఎంతో చూద్దాం.

మనదేశపు స్త్రీలకు సుమారు 46, 47 ఏళ్ళ ప్రాయంలో ముట్లుడుగుతాయని వైద్యులు లెక్క కట్టారు. పాశ్చాత్య దేశాలలో యిది 51 దాకా పోతుంది. అప్పటివరకు అండాశయాలలో ఊరుతూ వచ్చిన ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఆ ప్రాయంలో వేసవి చెలమలా ఇంకిపోతుంది. దాని పని అంతా గర్భసంచితోనే అని చాలామంది భ్రమపడతారు. ఎముకకూ, గుండెకూ, నిద్రకూ, చర్మానికీ అన్నిటికీ దానితో పని వున్నది. చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే మాంసకృత్తి ముట్లుడిగిన మొదటి అయిదేళ్ళలోనే 30 శాతం దాకా తరిగిపోతుందనీ, ఆ తరవాత ఏటా 2 శాతం వంతున తగ్గుతూ పోతుందనీ 1980లలో ఇంగ్లండులో బ్రింకాట్ అనే వైద్యుడూ, ఆయన సహచరులూ తేల్చారు. ముఖంలో ముడతలు ఏళ్ళు గడిచినకొద్దీ వస్తాయని మనం అనుకుంటాం. ఈ అయిదేళ్ళలో మాత్రం అవి పరుగెత్తుకుంటూ వస్తాయన్నమాట.

అంతకంటె బాధపెట్టేది పైపొర. శాస్త్రజ్ఞులు దానిని గోడతో పోలుస్తారు. చచ్చిన చర్మకణాలు ఇటుకలు. వాటిమధ్య అడుసు వంటివి సెరమైడ్లు మొదలైన కొవ్వులు. వయస్సు మళ్ళి, హార్మోను తగ్గాక అడుసు పలచబడుతుంది, చర్మం మీద నూనె ఊరడమూ తగ్గుతుంది. బీటలు వారిన తొట్టిలో నీరు నిలవనట్టు ఒంట్లోని తేమ ఆవిరైపోతుంది. పిక్కలమీద పొట్టు లేస్తుంది. గోకితే తెల్లటి గీతలు పడతాయి. కొందరికి ఏ దద్దురూ లేకుండానే ఒళ్ళంతా చీమలు పాకినట్టు వుంటుంది. ఈ మాట మన ఆడవాళ్ళు చెబితే ‘మనోవ్యాధి’ అని కొట్టిపారేసేవారున్నారు. వైద్యగ్రంథాలలో దీనికి ‘ఫార్మికేషన్’ అని పేరే వున్నది. లాటిన్‌లో ఫార్మికా అంటే చీమ. మాచర్ల వీధిలో ముసలమ్మ చెప్పిన పోలికనే లాటిన్ పండితులూ చెప్పారు.

ఇక మన వైపు సంగతి వేరు. ఇక్కడ ఈ స్థితికి నలభై ఏడు దాకా ఆగనివారు ఎందరో. 2015–16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ళ మధ్య స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంమీద 3.2 శాతం వుంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం వున్నారు. దేశంలో అన్ని రాష్ట్రాలకంటె యిదే ఎక్కువ. తరవాత స్థానం తెలంగాణది. 2019–21 నాటి సర్వేలోనూ మన అంకె 8.7 దగ్గరే వున్నది. ఎక్కువ మందికి ఆపరేషన్ జరిగినది ముప్ఫైలలోనే. తెల్లబట్ట అనో, రక్తం ఎక్కువ పోతున్నదనో, ‘యిద్దరు బిడ్డలయ్యారు గదా, యింకా ఎందుకు?’ అనో సంచీ తీసేశారు. సంచీతోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ఆ పూటనుంచే ముట్లుడిగినట్టు. అండాశయాలు వుంచినా అవి అనుకున్న దానికంటె ముందుగా అలసిపోయే అవకాశం హెచ్చు. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే నిబంధనలను అన్ని రాష్ట్రాలూ మూడు నెలలలో అమలులో పెట్టాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో ఆదేశించిందంటే సంగతి ఎంతవరకు పోయిందో ఊహించవచ్చు.

ఆపరేషన్ కాగితం మీద కుట్ల సంగతి వున్నది, మాత్రల సంగతి వున్నది. ముప్ఫై ఎనిమిదేళ్ళకే చర్మం ఎండిపోతుందనీ, ఒంట్లో ఆవిర్లు వస్తాయనీ, ఎముకలు బోలుపడతాయనీ మాత్రం ఏ కాగితమూ చెప్పదు. మిరప చేలో ఒక కూలి తల్లి, “సంచీ తీసినకాణ్ణుంచి నా ఒళ్ళు నాది గాదమ్మా” అన్నది నాతో. ఆ మాటకు వైద్యశాస్త్రంలో అర్థం వున్నదని ఆమెకు చెప్పినవారు లేరు.

సున్నపునేల, పుల్లని చర్మం

చర్మాన్ని గురించి పల్నాడులో కూర్చుని రాసేటప్పుడు సున్నాన్ని తలచుకోక తప్పదు. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు ఆంధ్రదేశమంతా ఎరిగినవే. కాలికింద సున్నపురాయి, బోరులో సున్నం కలిసిన నీరు. బిందె అడుగున తెల్లని పెచ్చు కడుతుంది. ఆ నీటిలో సబ్బు నురగ రాదు. సబ్బు, సున్నం కలిసి జిడ్డుముద్దగా మారి చర్మంమీదే మిగిలిపోతుంది. పైన రెంటచింతల ఎండ. ఇంతకంటె పొడిచర్మానికి శత్రువులను ఏరికోరి పోగుచేయడం కష్టం.

చర్మం స్వభావతః పుల్లనిది. ఈ సంగతిని 1928లో షాడె, మార్కియోనిని అనే జర్మన్ వైద్యులు వివరించి, చర్మంమీద వున్న ఈ పులుపుకు ‘ఆమ్లకవచం’ అని పేరు పెట్టారు. ఆమ్లాన్ని, క్షారాన్ని కొలిచే బద్ద ఒకటి వున్నది. దానిని పి.హెచ్. అంటారు. అందులో 7 మంచినీటిది. అంకె తగ్గినకొద్దీ పులుపు, పెరిగినకొద్దీ క్షారం. ఒక్కొక్క మెట్టుకు పదిరెట్ల తేడా. ఆరోగ్యంగా వున్న చర్మం 5 ప్రాంతంలో వుంటుంది. గడ్డపెరుగు నాలుగు, నాలుగున్నర దగ్గర. మామూలు ఒంటిసబ్బు తొమ్మిది, పది. తడిపిన సున్నం పన్నెండు దాటుతుంది. మన చర్మం పెరుగు పక్షాన, సబ్బు సున్నం పక్షాన నిలబడి వున్నాయి.

ఈ పులుపు ఊరికే లేదు. గోడకు అడుసు తయారుచేసే ఎంజైములు పులుపులోనే చక్కగా పనిచేస్తాయి. చెడ్డ సూక్ష్మజీవులు పులుపులో పెచ్చుమీరవు. ముట్లుడిగిన తరవాత పులుపు తగ్గుతుంది, అంకె పైకి జరుగుతుంది. వయస్సులో వున్న చర్మం సబ్బు రుద్దిన కొద్ది గంటలలో తన పులుపు తాను తెచ్చుకుంటుంది. వయస్సు మళ్ళిన చర్మానికి చాలాసేపు పడుతుంది. అది తేరుకునేలోపల మళ్ళీ స్నానం, మళ్ళీ సబ్బు.

ఇక పెరుగులోని పులుపు లాక్టిక్ ఆమ్లం. 1780లో స్వీడన్‌లో షీలే అనే రసాయనవేత్త పులిసిన పాలనుంచి దానిని వేరుచేశాడు. తమాషా ఏమంటే, మన చెమటలోనూ అదే వున్నది, చర్మం పైపొర తేమను పట్టివుంచుకోవడానికి తనంతట తాను దాచుకునే పదార్థాలలోనూ అదే వున్నది. కనుక పెరుగు ఒంటికి పరాయిది కాదు. మిరపకోతల కాలంలో మనవాళ్ళు చేసే పని చూడండి. జవాహర్ కాలువ కింద జనవరి నుంచి వేసవి దాకా ఎర్రటి కాయలు కోసి కోసి ఆడవారి చేతులు నిప్పుల్లా మండుతాయి. నీళ్ళతో ఎన్నిసార్లు కడిగినా ఆ మంట పోదు. మిరప ఘాటు నూనెలో కరుగుతుంది గాని నీటిలో కరగదు మరి. అప్పుడు చేతులకు పెరుగో, మజ్జిగో పట్టిస్తారు, లేదా నూనె రాస్తారు. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తి ఆ ఘాటును పట్టుకుని యీడ్చుకుపోతుందని శాస్త్రం యిప్పుడు చెబుతున్నది. చేలో ఆ పని శాస్త్రం కోసం ఆగలేదు.

సీసాలో ఏమున్నది?

పులిసిన పదార్థాలకు గౌరవం తెచ్చినవాడు మెచ్నికాఫ్ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు. పారిస్‌లోని పాస్చర్ సంస్థలో పనిచేస్తూ, బల్గేరియా పల్లెవాసులు పుల్లటి పెరుగు తిని దీర్ఘాయువులవుతున్నారని 1907లో రాశాడు. మరుసటి ఏడు ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అది పెరుగుకు కాదు, రోగనిరోధక శక్తి మీద చేసిన కృషికి. తానూ రోజూ పుల్లపాలు తాగేవాడు. 71 ఏళ్ళకు పోయాడు. మన పల్లెలలో పెరుగన్నం తిని తొంభై దాటినవారిని చూసివుంటే ఏమనేవాడో!

తాగే పెరుగు ముఖానికి పూసే ద్రవంగా మారిన కథ జపానులో వున్నది. సాకె అనే బియ్యపు సారాయి తయారీలో పనిచేసే ముసలివాళ్ళ ముఖం ముడతలు పడినా చేతులు మాత్రం పసిపిల్లల చేతుల్లా వున్నాయని ఎవరో గమనించారట. ఆ పులిసిన ద్రవంనుంచి తీసిన తేటతో 1980లో ఎస్‌కె-టూ అనే పేరుగల సరుకు బజారుకు వచ్చింది. కంపెనీవారు చెప్పే కథ గనుక దానిని కథగానే వినాలి. తరవాత ఫ్రాన్సు, అమెరికా కంపెనీలు బిఫిడా మొదలైన బాక్టీరియాల సారంతో రాత్రిపూట పూసుకునే మందులు చేశాయి. కొరియా వాళ్ళు బియ్యం, సోయా, జిన్‌సెంగ్ వేరు, ఏది దొరికితే అది పులియబెట్టారు. ఆ గాలి యిప్పుడు మన దేశపు కంపెనీలకూ తగిలింది.

పెట్టె వెనక చిన్న అక్షరాలలో మూడు మాటలు వుంటాయి. వాటిని చదవడం నేర్చుకుంటే సగం మాయ విడిపోతుంది. ‘ఫెర్మెంట్’ అంటే పులియబెట్టినది. ‘ఫిల్ట్రేట్’ అంటే పులిసిన తరవాత వడకట్టిన తేట, మన తరవాణిలో పైకి తేరిన నీరు వంటిది. ‘లైసేట్’ అంటే బాక్టీరియాను చితక్కొట్టి తీసిన సారం. ఈ మూడింటిలోనూ ప్రాణంతో వున్న జీవి సాధారణంగా ఒక్కటీ వుండదు. వుండడానికి వీలు లేదు కూడా. ఏడాది, రెండేళ్ళు బూజు పట్టకుండా అంగడిలో నిలవాలంటే క్రీములో సూక్ష్మజీవులను చంపే మందు కలపక తప్పదు. ఆ మందుకు మంచి బాక్టీరియా, చెడ్డ బాక్టీరియా అన్న విచక్షణ తెలియదు.

‘ప్రోబయోటిక్’ అన్న మాటకు 2001లో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి కూర్చిన నిపుణుల సంఘం ఒక నిర్వచనం యిచ్చింది. తగినంత సంఖ్యలో, ప్రాణంతో వుండి, మేలు చేసే సూక్ష్మజీవులకే ఆ పేరు చెల్లుతుంది. చచ్చినవాటికి మేలు చేసే గుణం వుంటే ‘పోస్ట్‌బయోటిక్’ అనాలని 2021లో శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సంఘం ఒకటి ఖాయపరచింది. కనుక సీసామీద ‘ప్రోబయోటిక్’ అని రాయడం చాలాసార్లు భాషాదోషం. తెలుగు పాఠాలు చెప్పేవారికి భాషాదోషం కనబడితే ఎర్రసిరా పెట్టాలని చెయ్యి దురదపెడుతుంది. ఆ దురదకు క్రీము లేదు.

మరి చచ్చిన బాక్టీరియా పనిచేస్తుందా? చేస్తుంది, కొంచెం. ఇటలీలో 2008లో ప్రకటించిన పరీక్ష ఒకటి మన విషయానికి చాలా దగ్గరది. పెరుగు తోడుకునేటందుకు ఉపయోగపడే స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్ అనే బాక్టీరియాను చితక్కొట్టి క్రీములో కలిపి, వయస్సు మళ్ళిన 20 మంది స్త్రీల ముంజేతులకు రెండు వారాలు రాశారు. ఉత్త క్రీముతో పోల్చి చూస్తే, ఈ క్రీము రాసినచోట సెరమైడ్లు పెరిగాయి, తేమ నిలిచింది. ఆ బాక్టీరియాలో వున్న ఒక ఎంజైము చర్మంలోని కొవ్వును విడగొట్టి అడుసు తయారుచేస్తుందని వారు వివరించారు. బాగానే వున్నది. కాని 20 మంది, రెండు వారాలు, ముంజేయి. ముఖంలో ముడతలు పోయాయని వారు అనలేదు. ఆ అంటున్నది పెట్టె.

పూసుకునేది కాక మింగేది కూడా వున్నది. 2015లో కొరియాలో 41 నుంచి 59 ఏళ్ళ మధ్య పొడిచర్మం వున్న 110 మందికి ఒక లాక్టోబాసిల్లస్ రకాన్ని 12 వారాలు యిచ్చారు. ముఖంలోనూ, చేతులలోనూ తేమ పెరిగిందనీ, ముడతల లోతు కొంత తగ్గిందనీ ప్రకటించారు. ఆ రకాన్ని వెలికి తీసినది ఒక పాలపానీయాల కంపెనీయే. అందుచేత అబద్ధం అనను. మరొకరెవరైనా, కంపెనీతో సంబంధం లేనివారు, ఎక్కువ మందిమీద చేసి చూపితే బాగుంటుందని మాత్రం అంటాను. పైగా బాక్టీరియాలో ఒక రకం చేసిన పని మరొక రకం చేస్తుందని చెప్పడానికి లేదు. సీసామీద వట్టిగా ‘లాక్టోబాసిల్లస్’ అని వుంటే, ‘మనిషి’ అని రాసి వూరుకున్నట్టే. ఏ వూరు, ఎవరి బిడ్డ?

ఏ రకమూ ఈస్ట్రోజెన్ చేసే పని చెయ్యదు. పోయిన కొల్లాజెన్‌ను పులిసిన తేట తిరిగి తేలేదు. అది చేయగలిగినది పైపొరలో కాస్త తేమ, కాస్త మెత్తదనం. ఆ మాత్రం పనికి ఎక్కువ పరీక్షలకు నిలిచిన సరుకు వేరే వున్నది. లాక్టిక్ ఆమ్లం నేరుగా కలిపిన క్రీములు, అందులోనూ 12 శాతం వున్నవి, పొట్టు లేచే పొడిచర్మానికి వైద్యులు చాలాకాలంగా రాస్తున్నారు. ఈ జాతి ఆమ్లాలు చర్మవ్యాధులలో ఎట్లా పనిచేస్తాయో వాన్ స్కాట్, యూ అనే అమెరికా శాస్త్రజ్ఞులు 1974లోనే చూపించారు. ఇవి మందుల దుకాణంలో ఆ రంగు సీసాల ధరలో చిన్న వంతుకే దొరుకుతాయి. వీటితో రెండు జాగ్రత్తలు. పగిలిన చర్మంమీద రాస్తే భగ్గుమంటుంది. ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది. మన ఎండకు యిది చిన్న మాట కాదు. రాత్రిపూట రాసుకుని, పగలు నెత్తిన కొంగో, గొడుగో వుండాలి.

ఇంట్లో వున్నది, ఇంట్లో వుండవలసినది

తరవాణి కుండకు తిరిగి వద్దాం. పాత యిళ్ళలో గంజి, అన్నం నీళ్ళు పోసి పులియబెట్టి, పైతేటను ఉదయం చద్దన్నంలో పోసుకునేవారు. అది కడుపుకు చల్లన. ముఖానికి పూసుకునే అలవాటు మనకు ఎక్కువగా లేదు. వున్నది సున్నిపిండిలో మీగడో, పెరుగో కలిపి నలుగు పెట్టుకోవడం. సబ్బుతో పోలిస్తే నలుగు ఎంతో మేలు. పెసరపిండి మురికిని పీల్చుతుంది, మీగడ కొవ్వు నిలుస్తుంది, పెరుగు పులుపు చర్మానికి నచ్చుతుంది. కాని వయస్సు మళ్ళిన పలుచని చర్మంమీద బరకపిండితో గట్టిగా రుద్దకూడదు. పిండి జల్లించుకుని, అరచేత్తో తేలికగా రాసి కడిగేయాలి.

పెరుగు ముఖానికి పట్టించుకోవచ్చునా? పగుళ్ళు, పుళ్ళు, గీరుడుగాయాలు లేని చర్మంమీద పది నిమిషాలు వుంచి కడిగితే హాని లేదు. కొంత మెత్తదనం వస్తుంది, సాయంత్రానికి పోతుంది. అందులో నిమ్మరసం పిండమని చెప్పే అమ్మాయిల మాట మాత్రం వినవద్దు. నిమ్మ పులుపు పెరుగుకంటె ఎన్నోరెట్లు తీక్షణం. పైగా నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళితే నల్లని మచ్చలు, బొబ్బలు లేవడం వైద్యులు ఎరిగిన వ్యాధి. గోకి గోకి పచ్చిపడ్డచోట పులిసినది ఏదీ పెట్టరాదు. కుండలో మన మంచి బాక్టీరియాతోపాటు పిలవని చుట్టాలు ఎన్ని చేరివుంటాయో కంటికి కనబడదు గదా.

నూనె సంగతి ఎవరికీ చెప్పనక్కరలేదనుకుంటాం గాని, రాసే వేళ తెలిసినవారు తక్కువ. ఒళ్ళు పూర్తిగా ఆరిపోయాక రాస్తే నూనె చర్మంమీద మెరుస్తుంది, అంతే. స్నానం చేసి, తడి అద్దుకుని, ఒళ్ళు యింకా చెమ్మగా వుండగానే రాయాలి. ఆ చెమ్మను నూనె లోపల బంధిస్తుంది. 2004లో ఫిలిప్పీన్స్‌లో పొడిచర్మం వున్న 34 మందిమీద కొబ్బరినూనెను మినరల్ ఆయిల్‌తో పోల్చి చూస్తే రెండూ సమానంగా పనిచేశాయి. వేజలైన్ యింకా చవక. వేడివేడి నీళ్ళు తగ్గించి గోరువెచ్చగా పోసుకోవడం, సబ్బును చంకలకూ, కాళ్ళకూ మాత్రమే పరిమితం చేయడం, యివి డబ్బు లేని చికిత్సలు. ఈ నాలుగూ ఒక నెల చేసి, ఆ తరవాత కూడా సీసా కొనుక్కోవాలనిపిస్తే కొనుక్కోండి. సుఖంగా పూసుకునే వస్తువులో సుఖం కూడా ఒక గుణమే. అప్పు చేసి మాత్రం కొనవద్దు.

చివరి విషయం చెప్పడానికి మన పత్రికలు, మన ఆడవారూ కూడా జంకుతారు. సూక్ష్మజీవులకూ ముట్లుడిగే వయస్సుకూ అసలైన సంబంధం ముఖంలో లేదు. 1892లో డోడర్‌లైన్ అనే జర్మన్ వైద్యుడు స్త్రీ యోనిమార్గంలో కాపరంవుండే బాక్టీరియాను వర్ణించాడు. అవి లాక్టోబాసిల్లస్ జాతివి, పెరుగువాటికి దాయాదులు. అక్కడ లాక్టిక్ ఆమ్లం తయారుచేసి, రోగాలను రాకుండా కాపలా కాస్తాయి. వాటికి తిండి పెట్టేది ఈస్ట్రోజెన్. అది ఇంకిపోయాక ఆ కాపలాదారులు చాలావరకు వెళ్ళిపోతారు. పులుపు తగ్గుతుంది, లోపలి చర్మం పలచబడి ఎండుతుంది. మంట, దురద, మూత్రానికి పోతే మాటిమాటికీ చీము, భర్త దగ్గరకు వెళ్ళాలంటే భయం. గర్భసంచి తీయించుకున్న ముప్ఫై ఎనిమిదేళ్ళ స్త్రీకి యిది వస్తే ఆమె ఎవరికి చెప్పుకుంటుంది? అత్తతో చెప్పలేదు, చెల్లెలితో చెప్పలేదు. మందుల దుకాణంలో గజ్జి మందు అడిగి తెచ్చుకుంటుంది.

ఇక్కడ పెరుగు పెట్టవద్దు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. దీనికి మంచి మందు వున్నది. చాలా తక్కువ మోతాదులో ఈస్ట్రోజెన్ కలిపిన క్రీము అక్కడికి మాత్రమే రాసుకోమని డాక్టరు యిస్తారు. కొద్ది వారాలలో చర్మం తేరుకుంటుంది, కాపలాదారులూ తిరిగి వస్తారు. రొమ్ము కాన్సరు వచ్చినవారు మాత్రం ముందుగా ఆ సంగతి చెప్పాలి. చిన్న వయస్సులోనే అండాశయాలు పోయినవారికి హార్మోను మాత్రలు యివ్వవచ్చునా అనేది కూడా డాక్టరును అడగవలసిన ప్రశ్నే. అది ముఖసౌందర్యం కోసం కాదు, ఎముకలకోసం, గుండెకోసం.

డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు ‘దురద’ అని ఒక్కమాట అని వూరుకోకండి. వయస్సెంత, ముట్లు ఎప్పుడాగాయి, సంచీ తీశారా, అండాశయాలు వున్నాయా తీసేశారా అన్నది చెప్పండి. పాత ఆపరేషన్ కాగితం దొరికితే వెంట తీసుకువెళ్ళండి. చక్కెరకూ, థైరాయిడ్‌కూ రక్తపరీక్ష చెయ్యమనండి. ఆ రెండు వ్యాధులూ యిదే వయస్సులో యిదే దురద తెస్తాయి. మర్మస్థానంలో తెల్లని మచ్చలు పడి దురద పెడుతుంటే చూపించండి, సిగ్గుపడి దాచవద్దు. ముట్లుడిగి ఏడాది దాటిన తరవాత ఒక్క చుక్క రక్తం కనిపించినా ‘మళ్ళీ వచ్చింది కాబోలు’ అని వూరుకోక, ఆ వారంలోనే ఆసుపత్రికి వెళ్ళండి.